ధర్మార్థం పేకాట పోటీ

గత మాసంలో మా కేంద్రానికి ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసినవారు పర్చూరు ప్రాంతంలోని ఒక గ్రామ యువజన సంఘం వారు. వారి ఊరి గ్రంథాలయానికి గోడలున్నవి గాని సరియైన కప్పు లేదు. తొలకరి పడగానే పుస్తకాలన్నీ బడిలోని ఒక గదికి చేరుతవి, వానలు వెనుకబట్టిన తరువాత తిరిగి వస్తవి. కప్పు వేయించడానికి ఒకసారి చందాలు అడిగినారట. ఇచ్చినవారు ఇచ్చినారు, రెండవసారి అడగడానికి మొహం చెల్లడం లేదట. సంఘంలో ఒక యువకుడు అమెరికాలో చదివి వచ్చినాడు. అక్కడ ధర్మకార్యాలకోసం పోకరు పోటీలు పెడతారని అతడు చెప్పగా, మిరపకాయల డబ్బు చేతికి వచ్చే రోజులలో తామూ ఒక పోటీ పెట్టదలచినామనీ, దానిని ఏ విధంగా నడపవలెనో రేడియోలో చెప్పవలసినదనీ వారు కోరినారు.

ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది. సాయంకాలం మళ్ళీ చదివితే, వారు అడిగినది అడగవలసిన ప్రశ్నే అనిపించినది.

మన గుంటూరు, ప్రకాశం మైదానంలో డబ్బు ఏడాది పొడుగునా సమంగా రాదు. పత్తి తీతలు దసరా దాటినప్పటినుంచి సంక్రాంతి దాకా సాగుతవి. మాఘ ఫాల్గుణాలలో మిరప కల్లాలు ఎర్రబడతవి. టిక్కీలు లారీకెక్కి గుంటూరు యార్డు చేరి, కమీషను వ్యాపారి తన అప్పూ వడ్డీ మినహాయించుకొని మిగిలినది లెక్కపెట్టి ఇచ్చేవరకు రైతు ఇంట రొక్కం కనబడదు. ఆ కొద్ది వారాలలోనే అందరికీ రైతు జ్ఞాపకం వస్తాడు. ఎరువుల దుకాణదారు వస్తాడు, సంబంధాలు తెచ్చే పేరయ్య వస్తాడు, గుడి కట్టించేవారు వస్తారు, పేక పరిచేవారూ వస్తారు. యువజన సంఘం వారు ఎన్నుకున్న సమయం తెలివైనదే. చిక్కు కూడా అక్కడే ఉన్నది.

పోకరు పోటీ అంటే ఏమిటో ముందు చెప్పుకొందాము. పోకరు 19వ శతాబ్దంలో అమెరికాలో మిసిసిపీ నది మీది పడవలలో పెరిగిన ఆట. నేడు ఎక్కువ ప్రచారంలో ఉన్న పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు. బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు విప్పుతారు. ఈ ఏడింటిలో మేలైన అయిదింటిని ఏరుకొన్నవాడిది గెలుపు. ముక్కలు బాగాలేనివాడు బాగున్నట్లు నటించి ఎదుటివాణ్ణి తప్పుకొనేటట్లు చేయవచ్చును. పోకరు రుచి అంతా ఆ నటనలో ఉన్నది.

పోటీగా ఆడినప్పుడు దీనికొక కట్టుబాటు ఉన్నది. ప్రవేశ రుసుము చెల్లించిన ప్రతివారికీ సమానంగా బిళ్ళలు ఇస్తారు. ఆ బిళ్ళలకు బజారులో విలువ లేదు, ఎవరూ వాటిని డబ్బుగా మార్చుకోలేరు. బిళ్ళలు అయిపోయినవాడు లేచి పోవలె. యాభై నలుగురు వచ్చినారనుకొందాము. బల్లకు తొమ్మిదిమంది చొప్పున ఆరు బల్లలు. మనిషికి అయిదు వేల బిళ్ళల చొప్పున ఆటలో మొత్తం రెండు లక్షల డెబ్బై వేల బిళ్ళలు ఉంటవి. ప్రతి ఆటకూ ఇద్దరు తమ ముక్కలు చూడకముందే కొంత పందెం విధిగా ఒడ్డవలె. ఆ పందెం యాభైతో మొదలై ప్రతి ఇరవై నిమిషాలకూ పెరిగి, పదవ విడతకు పది వేలు అవుతుంది. అప్పటికి ఆటలో ఉన్న బిళ్ళలన్నీ కలిపినా ఇరవై ఏడు పెద్ద పందాలకు మించవు కనుక, మూడు మూడున్నర గంటలలో ఒక్కడు మిగులుతాడు. గడియారం చూసేవాడు ఒకడు, బల్లలు పలుచబడినప్పుడు మనుషులను సర్దేవాడు ఒకడు, వివాదం వస్తే తీర్పు చెప్పేవాడు ఒకడు ఉంటే చాలును. తీర్పు చెప్పేవాడు ఆటలో కూర్చోరాదు.

ఈ ఏర్పాటులో ఒక సుగుణం ఉన్నమాట ఒప్పుకోవలె. ఎంత చెడ్డగా ఆడినా మనిషి తాను కట్టిన రుసుముకు మించి పోగొట్టుకొనలేడు. మన తిరునాళ్ళ చాటున సాగే కోతముక్కకు అటువంటి హద్దు లేదు.

అమెరికాలో మిషిగన్ అనే రాష్ట్రమున్నది. డెట్రాయిట్ పట్టణ పరిసరాలలో మనవారు చాలామంది స్థిరపడిన చోటు అదే. అక్కడ ఇటువంటి పోటీలను మిలియనీర్ పార్టీ లంటారు. లాభాపేక్ష లేని సంస్థలు మాత్రమే, 1972 నాటి ఒక చట్టం క్రింద ముందుగా ప్రభుత్వం వద్ద అనుమతి పత్రం తీసుకొని వాటిని జరుపవలె. ఆటకు తేదీ, స్థలం ముందే వ్రాసి ఇవ్వవలె. లెక్కలు తరువాత చూపవలె. మన యువకుడు చూసి వచ్చినది ఇటువంటిదే అయి ఉండును. అతడు పోటీని చూసినాడు గాని దాని వెనుక ఉన్న అనుమతి పత్రాన్ని చూసి ఉండడు.

లోకంలో ధర్మం పేర జరిగిన పోకరు పోటీలలో బహు ప్రసిద్ధమైనది 2012లో లాస్ వేగాస్‌లో జరిగినది. మంచినీటి సదుపాయాలకోసం పనిచేసే వన్ డ్రాప్ అనే సంస్థకు సహాయంగా దానిని ఏర్పాటుచేసినారు. ప్రవేశ రుసుము పది లక్షల డాలర్లు. 48 మంది ఆడినారు. ఒక్కొక్కరి రుసుము నుంచి 1,11,111 డాలర్లు ధర్మానికి తీసినారు. మొత్తం 53 లక్షల 33 వేల పైచిలుకు డాలర్లు. చాలా పెద్ద మొత్తమే. అయితే లెక్క మరొక వైపునుంచి చూడండి. తొమ్మిది పాళ్ళలో ఒక పాలు నీటికి పోయినది, ఎనిమిది పాళ్ళు ఆటగాళ్ళకు తిరిగి వచ్చినవి. గెలిచిన ఒక్కరికే కోటీ ఎనభై మూడు లక్షల డాలర్లు వచ్చినది. కోటీశ్వరులు తమలో తాము ఆడుకొన్న ఆట కనుక దానిని తప్పుపట్టడానికి మనమెవరము? కాని ఆ లెక్కను యథాతథంగా మన ఊరికి తెస్తే, కప్పుకు ఒక రూపాయి చేరడానికి ఎనిమిది రూపాయలు ఒక జేబులోనుంచి మరొక జేబులోకి పోవలె. ఆ రెండు జేబులూ ఇరుగుపొరుగు ఇళ్ళవే.

ఇక మన చట్టం సంగతి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు కోసమేగాక మరొక రూపంలో బహుమతికోసం ఆడినా జూదం క్రిందికి రావచ్చును. నగదు ఇవ్వడం లేదు, వెండి గిన్నె ఇస్తున్నాము గదా అంటే చాలదు. రమ్మీ మాట వేరు గదా అని కొందరు అడుగుతారు. 1967 నవంబరులో సికిందరాబాదు క్లబ్బు ఒకదానికి సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తీర్పు చెప్పిన మాట నిజమే. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవలె, ఏది ఉంచుకోవలెనో ఏది పారవేయవలెనో ఆలోచించవలె, కనుక మూడు ముక్కలాటతో దానిని ఒక గాటను కట్టరాదన్నారు. క్లబ్బు తన బల్లలకూ కుర్చీలకూ పేకలకూ సహేతుకమైన రుసుము తీసుకోవడం దోషం కాదన్నారు. అదే తీర్పులో మరొక మాట కూడా ఉన్నది. పందెం కాసి ఆడే ఆటనుంచి ఇంటి యజమానిగాని, క్లబ్బుగాని లాభం తీస్తున్నట్లు రుజువైతే నేరం కావచ్చునన్నారు. ఈ రెండవ మాటను మన క్లబ్బులవారు అంతగా జ్ఞాపకం పెట్టుకోలేదు.

ఆ లాభాన్ని గ్రంథాలయానికి ఇస్తే అది లాభం కాకుండా పోతుందా? పోదనే మేము అనుకొంటున్నాము. డబ్బు ఏ దారిన వచ్చినదని చట్టం అడుగుతుంది, ఏ మంచి పనికి పోయినదని అడగదు. పైగా 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైను రమ్మీ, పోకరు ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసినది. గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తూనే ఉన్నది. కనుక ఆ ఊరివారికి మా మొదటి సమాధానం ఇది: పోకరు పోటీ పెట్టవద్దు. మరొక ఆట ఏదైనా సరే, డబ్బు వసూలు చేసేముందు ఒక న్యాయవాదిని సంప్రదించి, పోలీసు ఠాణాలో వ్రాతపూర్వకంగా తెలియపరచవలె.

చట్టం మాట అటుంచినా, మాకు మరొక సంకోచమున్నది. చాలా ఏళ్ళ క్రిందట ఒక పట్టణంలో కంటి శిబిరానికి సహాయంగా పేకాట పోటీ జరుగుతున్నదంటే రేడియో నివేదిక తయారుచేయడానికి మేము వెళ్ళినాము. ప్రవేశ రుసుము మనిషికి వెయ్యి. అరవైమంది వచ్చినారు. షామియానా, పెద్దల ప్రసంగాలు, పూలదండలు అన్నీ ఉన్నవి. మధ్యాహ్నం ఒక కౌలు రైతును పలకరించినాము. నలభై ఏళ్ళుంటవి. ఆ ఉదయమే యార్డులో కాయ అమ్ముకొని నేరుగా వచ్చినాడు. తన తల్లికి ఇటువంటి శిబిరంలోనే చూపు వచ్చినదనీ, అందుకే తాను ఆడడానికి వచ్చినాననీ ఎంతో సంతోషంగా చెప్పినాడు. రికార్డు చేసుకొన్నాము. ఆ రోజు మేము సేకరించినవాటిలో అంత చక్కని మాట మరొకటి లేదు.

సాయంకాలం బహుమతులు పంచినారు. మేము సామాను సర్దుకొంటుండగా ఆ రైతు మళ్ళీ వచ్చినాడు. పోటీలోనుంచి ముందే లేచినవారికోసం వెనుక గదిలో మూడు ముక్కలాట పెట్టినారట. ఆయన అక్కడ కూర్చున్నాడు. "ఏమండీ, పొద్దున నేను చెప్పింది రేడియోలో వెయ్యకండి. ఇంట్లో వింటారు. నేను ఇక్కడికొచ్చినట్టు తెలీదు వాళ్ళకి" అన్నాడు. ఎంత పోయినదని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. చేతిలో యార్డు చీటీ మాత్రం ఉన్నది. దానిని మడిచి విప్పి మడిచి విప్పి నలిపివేసినాడు.

ఆయన మాటలు మేము ప్రసారం చేయలేదు. తరువాత ఖర్చుల లెక్క తెలిసినది. వచ్చిన అరవై వేలలో నలభై వేలు బహుమతులకు, పదిహేడు వేలు భోజనాలకూ షామియానాకూ మైకుకూ పోగా, కంటి శిబిరానికి చేరినది మూడు వేలు. ఎవరూ దొంగిలించలేదు. ప్రతి ఖర్చుకూ రసీదు ఉన్నది.

ఆనాటినుంచి మాకు ఒక అభిప్రాయం స్థిరపడినది. ధర్మానికి పోవలసిన డబ్బు మొదటి ముక్క పంచకముందే ధర్మానికి చేరిపోవలె. ఆటలో ఎవరు గెలిచినా ఓడినా ఆ మొత్తం మారరాదు. బహుమతి ఉంటే అది రుసుములలోనుంచి రారాదు. భోజనం ఖర్చు ఒక దాత వేరుగా భరించవలె. వెనుక గది ఉండరాదు.

ఇది ఎక్కడినుంచో తెచ్చిన నీతి కాదు. మన ఊళ్ళలో శివరాత్రికీ తిరునాళ్ళకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. పళ్ళనుబట్టి జతలను విభాగాలు చేస్తారు. ఒక్కొక్క జతకు ఇంత వ్యవధి అని ముందే నిర్ణయిస్తారు. బండ ఎన్ని అడుగులు కదిలినదో అందరి ఎదుటా టేపు పట్టి కొలిచి మైకులో చెబుతారు. మొదటి బహుమతి ఫలానావారు తమ తండ్రిగారి జ్ఞాపకార్థం ఇస్తున్నారని ముందే ప్రకటిస్తారు. ఎడ్లమీద పడే భారం గురించి మాకు వేరే అభిప్రాయాలున్నవి, వాటిని మరొక ప్రసంగానికి వదిలిపెడుతున్నాము. నిర్వహణ మటుకు నేర్చుకోదగినది. కొలత బహిరంగం, దాత బహిరంగం. ప్రక్కన పందాలు కాసేవారు అక్కడా లేకపోలేదు గాని, పోటీ వారిమీద ఆధారపడి నడవదు.

మరి పేకను బహిష్కరించవలెనా? మేము అంత కఠినులము కాము. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట పేకాట ఘట్టం చదివి నవ్వుకోనివారు ఎవరు? పేక పట్టదలచినవారికి బ్రిడ్జి ఉన్నది. రైల్వేవారి క్లబ్బులలో, పట్టణాల ఆఫీసర్ల క్లబ్బులలో ఆడే ఆట అని మనవారు దానిని దూరంగా ఉంచినారు గాని, తురుపు ఆట తెలిసినవారికి అది అందనిదేమీ కాదు. నలుగురు, ఇద్దరిద్దరు జతలు, మనిషికి పదమూడు ముక్కలు. రెండు మాసాలు సాయంకాలాలు కూర్చుంటే పట్టుబడుతుంది. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో బ్రిడ్జిని మొదటిసారి చేర్చినప్పుడు, పురుషుల జతల పోటీలో మన దేశానికి చెందిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ స్వర్ణం గెలిచినారు. అప్పటికి ఒకరికి 60 ఏళ్ళు, మరొకరికి 56. ఊరి పెద్దలను కూడా ఆహ్వానించడానికి ఇంతకంటె మంచి ఆధారం ఏమి కావలె?

బ్రిడ్జిలో డూప్లికేటు అనే పద్ధతి ఒకటి ఉన్నది. మా ఉద్దేశంలో ధర్మార్థం జరిగే పోటీకి అదే తగినది. ఒకసారి పంచిన ముక్కలను ఆట అయిన తరువాత కలిపివేయరు. ఎవరి పదమూడు ముక్కలు వారివిగా నాలుగు అరలున్న చిన్న పలకలో తిరిగి పెడతారు. ఆ పలక తరువాతి బల్లకు పోతుంది. అక్కడివారికీ అవే ముక్కలు వస్తవి. చివరకు, అవే ముక్కలతో ఏ జత ఎంత బాగా ఆడినదనే పోలిక మిగులుతుంది. నాకు మంచి ముక్కలు రాలేదని చెప్పుకొనే వీలు ఎవరికీ ఉండదు. నిరుడు మిరపకు తెగులు వచ్చినదనే రైతుకూ, పక్క చేను చూడమనే వ్యవసాయాధికారికీ జరిగే వాదం వంటిదే ఇది, కాని ఇక్కడ నిజంగానే పక్క చేను ఒకే రకం నేల.

తొమ్మిది బల్లలతో లెక్క చెబుతాము. పద్దెనిమిది జతలు, ముప్ఫై ఆరుగురు. ఇరవై ఏడు పలకలు, బల్లకు మూడేసి. ఒక విడత కాగానే ఒక దిక్కున కూర్చున్న జతలు ఒక బల్ల ముందుకు, పలకలు ఒక బల్ల వెనుకకు జరుగుతవి. తొమ్మిది విడతలలో ప్రతి జతా అన్ని పలకలూ ఆడుతుంది. పలకకు ఏడు నిమిషాల చొప్పున మూడు గంటల పైచిలుకు పడుతుంది. బల్లల సంఖ్య బేసిగా ఉండడం మేలు. ఎనిమిదో పదో అయితే సగం ఆట కాగానే జతలకు తాము ఆడిన పలకలే మళ్ళీ ఎదురవుతవి, అప్పుడు ఒక బల్ల దాటించి కూర్చోబెట్టవలె. ఈ సంగతి తెలియక అర్ధరాత్రి తగవులాడుకొన్న క్లబ్బు ఒకటి మేమెరుగుదుము. పలకలు దొరకకపోతే అట్టతో చేసుకోవచ్చును, బడిపిల్లలు ఒక ఆదివారం చేసిపెడతారు. పేకలు మాత్రం ఇరవై ఏడు కావలె.

ఇక డబ్బు. ముప్ఫై ఆరుగురూ అయిదేసి వందల విరాళం ఇస్తే పద్దెనిమిది వేలు. ఇది ఆడడానికి రుసుము కాదు, గ్రంథాలయానికి విరాళం. వరుస సంఖ్యలు వేసిన రసీదు గ్రంథాలయం పేరనే ఇవ్వవలె, డబ్బు ఆటకు ముందురోజే బ్యాంకులో పడవలె. ఇవ్వలేనివాడు బాగా ఆడగలవాడయితే ఉచితంగా కూర్చోబెట్టండి. పద్దెనిమిది వేలతో కప్పు పడదు. అందుకని చూడవచ్చేవారిలో కలిగినవారిని పలకకు ఇంత అని ముందే మాట ఇవ్వమనండి. పలకకు రెండు వందల చొప్పున ఒక దాత ఇచ్చేది అయిదు వేల నాలుగు వందలు అవుతుంది. పదిమంది ముందుకు వస్తే యాభై నాలుగు వేలు. ఎవరు గెలిచినా ఆ మొత్తం ఒక్కటే కనుక దీనిలో పందెం లేదు. విదేశాలలో ఉన్న ఊరివారు కూడా ఈ విధంగా పాలుపంచుకోవచ్చును. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు జింకానా అనే తమ సంఘం ద్వారా గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనాలే సమకూర్చినారు. గ్రంథాలయం కప్పు వంటివి అడగకపోవడంవల్లనే చాలాసార్లు ఆగిపోతవి.

గెలిచిన జతకు ఏమివ్వవలె? పుస్తకాలు ఇవ్వండి, ఒక సంవత్సరం తరువాత గ్రంథాలయానికి తిరిగి ఇవ్వవలెనన్న షరతుతో. ఇది మా సహోద్యోగి ఒకరు పరిహాసానికి అన్న మాట, మాకు నచ్చి వ్రాసినాము.

ఈ సంగతులన్నీ క్లుప్తంగా వారికి ఉత్తరంలో తెలియజేసినాము. పది రోజులలో జవాబు వచ్చినది. పోకరు మానుకొన్నారు. అమెరికా నుంచి వచ్చిన యువకుడికి బ్రిడ్జి కూడా వచ్చునట, రోజూ దీపాలు పెట్టినాక బడి అరుగు మీద నేర్పుతున్నాడు. పదకొండు జతలు పోగయినవి. పోటీని మిరపకాయ అమ్మకాలు ముగిసి, కౌళ్ళూ అప్పులూ తీరిన తరువాత వైశాఖంలో పెట్టుకొంటారట. ఒక సందేహం మాత్రం మిగిలినదని వ్రాసినారు: నేర్చుకొనే ఈ రెండు మాసాల టీ ఖర్చు సంఘం లెక్కలో వేయవచ్చునా, కూడదా? టీ ఎవరి డబ్బుతో వారు త్రాగవలెనని మేము వెంటనే కార్డు వ్రాసినాము.